ముందు సున్నా... వెనక చిక్కు!

అంకె పక్కన సున్నా పెడితే విలువ పదింతలవుతుంది. అదే సున్నాను అంకెకు ముందు పెడితే..? ఏమీ కాదు. 7 అన్నా 07 అన్నా ఒకటే. ప్రైమరీ స్కూలు పిల్లలను అడిగినా తడుముకోకుండా చెప్పేస్తారు. టికెట్టు మీద రైలు 08.15కి అని ఉంటే ఎనిమిదింపావుకల్లా స్టేషన్లో ఉంటాం. దరఖాస్తులో పుట్టిన నెల 09 అని రాస్తే సెప్టెంబరు అని అందరికీ అర్థమవుతుంది. ముందున్న సున్నాను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

కంప్యూటరు మాత్రం తీసుకుంటుంది!

చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 010 అని రాస్తే అది పది కాదు, ఎనిమిది. 011 అంటే పదకొండు కాదు, తొమ్మిది. ఇక 08 అని రాశారా... 'అలాంటి సంఖ్యే లేదు' అంటూ పని ఆపేస్తుంది. ఇదేదో యంత్రానికి మతి చలించి చేసే పని కాదు. అర్ధశతాబ్దం కిందట పెట్టిన ఓ నియమాన్ని అది తు.చ. తప్పకుండా పాటిస్తోందంతే. ఆ నియమం సంగతి తెలియని ప్రోగ్రామర్లు నేటికీ జుట్టు పీక్కుంటూనే ఉన్నారు. ఏడు నెలలు చక్కగా పనిచేసిన ప్రోగ్రాములు ఆగస్టు ఒకటో తేదీన ఆగిపోవడానికీ, కంప్యూటర్ల కాపలా వ్యవస్థలు మోసపోవడానికీ కూడా ఆ బుల్లి సున్నాయే కారణమైంది.

ఎనిమిది బేడలైతే రూపాయి

ఇంతకీ 010 ఎనిమిదెలా అవుతుంది? మన పాత నాణేలను తలచుకుంటే ఇట్టే తెలుస్తుంది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేవరకూ రూపాయికి పదహారు అణాలు. రెండణాలైతే బేడ. అంటే, రూపాయికి ఎనిమిది బేడలన్నమాట. పద్దు పుస్తకంలో రూపాయలకో గడి, పక్కనే బేడలకో గడి ఉన్నాయనుకుందాం. ఒక బేడ, రెండు బేడలు... అలా ఏడు వరకూ బేడల గడిలోనే రాస్తాం. ఇంకో బేడ చేరగానే? బేడల గడి ఖాళీ అయిపోయి రూపాయల గడిలో ఒకటి పడుతుంది. ఒక రూపాయి, సున్నా బేడలు. పుస్తకంలో కనిపించేది '1 0'. చూడటానికి పదిలా ఉంది కానీ చేతిలో ఉన్నవి ఎనిమిది బేడలే!

ఈ పద్దులో ఇంకో విశేషం ఉంది. బేడల గడిలో 8 గానీ 9 గానీ ఎన్నటికీ రావు. ఎనిమిదో బేడ రాగానే అది రూపాయి అయిపోతుంది కాబట్టి ఆ అంకెల అవసరమే ఉండదు. సున్నా నుంచి ఏడు వరకూ ఎనిమిది అంకెలతోనే లోకమంతా నడిచిపోతుంది.

సరిగ్గా ఇలాంటి లెక్కనే కంప్యూటర్ భాషలో 'ఆక్టల్' అంటారు. మనకు పది అంకెలుంటే దానికి ఎనిమిదే. సంఖ్యకు ముందు సున్నా కనిపిస్తే 'ఇది మామూలు లెక్క కాదు, ఆక్టల్ లెక్క' అని చాలా భాషలు అర్థం చేసుకుంటాయి. అందుకే 010 ఎనిమిది అవుతుంది. 08, 09 అసలు సంఖ్యలే కాకుండా పోతాయి.

బెల్ ల్యాబ్స్‌లో పడిన బీజం

పది వేళ్లున్న మనిషికి ఎనిమిది అంకెల లెక్క ఎందుకు? అవసరం మనిషిది కాదు, యంత్రానిది. కంప్యూటరుకు తెలిసినవి 0, 1 అనే రెండే. వీటినే బిట్లంటారు. లోపల అన్నీ 101110010 లాంటి బారులే. వాటిని మనుషులు చదవాలన్నా రాయాలన్నా కళ్లు తిరుగుతాయి. అయితే మూడేసి బిట్లను ఒక్కో గుంపుగా విడదీస్తే సరిగ్గా ఎనిమిది రకాలొస్తాయి: 000 నుంచి 111 వరకూ. ఒక్కో గుంపుకూ 0 నుంచి 7 వరకూ ఒక్కో అంకె ఇచ్చేస్తే సరి. 101 110 010 అనే బారు ఆక్టల్‌లో 562గా మారిపోతుంది. తొమ్మిది గుర్తులు మూడుకు తగ్గాయి.

1960ల్లో చాలా కంప్యూటర్లు 12, 18, 36 బిట్లను ఒక మాటగా తీసుకుని పనిచేసేవి. ఇవన్నీ మూడుతో నిశ్శేషంగా భాగించే సంఖ్యలే. కాబట్టి ఆక్టల్ వాటికి అతికినట్టు సరిపోయేది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ 1969లో యూనిక్స్‌కు శ్రీకారం చుట్టింది అలాంటి యంత్రం మీదే. దాని పేరు పీడీపీ-7. అది 18 బిట్ల యంత్రం. ఒక్కో మాటను ఆరు ఆక్టల్ అంకెల్లో రాసేయొచ్చు. ఆ రోజుల్లోనే థాంప్సన్ 'బి' అనే చిన్న భాషను తయారుచేశారు. మామూలు సంఖ్యకూ ఆక్టల్ సంఖ్యకూ తేడా తెలియడానికి అందులో ఓ చిట్కా పెట్టారు. సంఖ్య సున్నాతో మొదలైతే ఆక్టల్, లేకపోతే మామూలు లెక్క. జ్ఞాపకశక్తి అంతంతమాత్రంగా ఉండే యంత్రం అది. ఒక్క సున్నాతో పని జరిగిపోవడం పెద్ద సౌకర్యమే.

థాంప్సన్ సహచరుడు డెన్నిస్ రిచీ 'బి'ని పెంచి పెద్దచేసి 'సి' భాషను రూపొందించారు. దాంతోపాటు సున్నా నియమమూ వారసత్వంగా వచ్చేసింది. ఇంకో విచిత్రం... 1978లో బ్రయాన్ కెర్నిఘన్, రిచీ కలిసి రాసిన 'సి' పుస్తకం ప్రకారం సున్నాతో మొదలైన సంఖ్యలో 8, 9 రాసినా తప్పులేదు. వాటిని ఆక్టల్ 10, 11గా, అంటే మనలాగే ఎనిమిది, తొమ్మిదిగా తీసుకునేది. 1989లో 'సి'కి అధికారిక ప్రమాణం వచ్చినప్పుడు ఆ వెసులుబాటు తీసేశారు. అలా 08 అనేది తప్పయిపోయింది.

ఈలోగా యంత్రాలు మారాయి. ఐబీఎం 1964లో ప్రకటించిన సిస్టమ్-360తో ఎనిమిది బిట్ల బైటు స్థిరపడటం మొదలైంది. ఎనిమిదిని మూడుతో భాగిస్తే రెండు మిగులుతుంది. అందుకే నాలుగేసి బిట్లను గుంపుగా తీసుకునే హెక్సాడెసిమల్ లెక్క పుంజుకుంది. ఆక్టల్ అవసరం తగ్గిపోయింది. సున్నా నియమం మాత్రం పోలేదు. 'సి'ని చూసి పుట్టిన భాషల్లో చాలా దాన్ని భద్రంగా మోసుకొచ్చాయి. సి++, పెర్ల్, పైథాన్, పీహెచ్‌పీ, రూబీ, జావా, జావాస్క్రిప్ట్, యూనిక్స్ ఆజ్ఞలు రాసే బ్యాష్... ఒకటా రెండా! పెళ్లయి వేరు కాపురం పెట్టినా అత్తగారింటి పాత ఆనవాయితీ వదల్లేదన్నమాట.

జులై దాకా బాగానే...

ఈ నియమంతో వచ్చే మొదటి చిక్కు తేదీలతోనే. కంప్యూటర్ నెలలనూ రోజులనూ రెండంకెల్లో రాస్తుంది. జనవరి 01, ఫిబ్రవరి 02... ఇలా. బ్యాష్‌లో రాసిన ఓ ప్రోగ్రాం నెల సంఖ్యను తీసుకుని ఒకటి కలిపి వచ్చే నెల ఏదో తేల్చాలనుకోండి. జనవరిలో 01, ఆక్టల్‌లోనూ ఒకటే. ఇబ్బంది లేదు. ఇలా 07 వరకూ రెండు లెక్కలూ ఒక్కటే కాబట్టి జులై దాకా నిక్షేపంలా పనిచేస్తుంది. ఆగస్టు ఒకటో తేదీ రాగానే 08 ఎదురవుతుంది. 'ఈ లెక్కకు ఆ అంకె మరీ పెద్దది' అని అర్థం వచ్చే సందేశమిచ్చి బ్యాష్ చతికిలపడుతుంది. సెప్టెంబరులోనూ అంతే. అక్టోబరు రాగానే 10కి ముందు సున్నా ఉండదు కాబట్టి ఏమీ జరగనట్టే మళ్లీ పనిచేస్తుంది!

రోజులతో లెక్కవేసే ప్రోగ్రాం అయితే నెలనెలా 8, 9 తేదీల్లో మొరాయిస్తుంది. గంటలతో అయితే ఉదయం ఎనిమిది నుంచి పది దాకా. నిమిషాలతో అయితే ప్రతి గంటలో 8, 9 నిమిషాల్లో. రోజు మొత్తమ్మీద 48 నిమిషాలే. తప్పు జరిగిందని ఫోన్ రాగానే ఇంజినీరు వచ్చి చూసే సమయానికి పదో నిమిషం దాటిపోతుంది. అంతా సవ్యంగానే కనిపిస్తుంది. జ్వరం ఉందని డాక్టరు దగ్గరికెళితే అక్కడ ఒళ్లు చల్లగా ఉన్నట్టు!

జావా నేర్చుకునే విద్యార్థులకు ఎదురయ్యే అనుభవం మరో తీరు. 09 అని రాస్తే పాత వెర్షన్లలో అది 'సంఖ్య మరీ పెద్దది' అనే అర్థంలో తప్పు చూపించేది. తొమ్మిది పెద్ద సంఖ్యా? కోట్లలో లెక్కలు వేసే యంత్రం తొమ్మిదిని మోయలేకపోవడమేమిటి? అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో కూర్చున్నా అమెరికాలో కూర్చున్నా కొత్తవాళ్లు తలపట్టుకునేది అక్కడే. ముందున్న సున్నా తీసేస్తే చాలు, చిటికెలో సరిపోతుంది.

అరిచే తప్పు... నోరెత్తని తప్పు

నిజానికి 08 దగ్గర ఆగిపోవడం మేలు. ఏదో తేడా జరిగిందని తెలుస్తుంది. అసలు ప్రమాదం ఆగకుండా సాగిపోయే తప్పుతోనే. మన ఎస్టీడీ కోడ్‌లే అందుకు చక్కని ఉదాహరణ.

విశాఖపట్నం 0891. విజయవాడ 0866. వరంగల్ 0870. తిరుపతి 0877. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్‌ను పక్కన పెడితే ఎస్టీడీ కోడ్‌లు 08తోనే మొదలవుతాయి. ఎవరైనా ప్రోగ్రాంలో ఈ కోడ్‌లను సంఖ్యలుగా రాస్తే జావా వంటి భాష వెంటనే అభ్యంతరం చెబుతుంది. వాటిలో ఎనిమిది ఉంది కాబట్టి ఆక్టల్ కాజాలవు. అదే హైదరాబాద్ 040 అయితే? నాలుగూ సున్నా రెండూ ఆక్టల్‌లో చెల్లే అంకెలే. నాలుగు రూపాయలు, సున్నా బేడలు... మొత్తం 32 బేడలు. కంప్యూటరు ఏ అభ్యంతరమూ చెప్పకుండా హైదరాబాద్ కోడ్‌ను 32గా రాసేసుకుంటుంది. ఢిల్లీ 011 కాస్తా 9 అవుతుంది. ముంబయి 022 కాస్తా 18. కోల్‌కతా 033 అయితే 27. చెన్నై 044... 36. బెంగళూరు 080 అయితే అడ్డం తిరుగుతుంది. తప్పు జరిగినట్టు ఎవరికీ తెలియదు. ఫోన్ మాత్రం కలవదు.

అమెరికాలోని తెలుగువారి చిరునామాలతోనూ ఇదే పేచీ. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో జిప్ కోడ్‌లు సున్నాతోనే మొదలవుతాయి. ఎడిసన్‌లో 08817, జెర్సీ సిటీలో 07302. పాత పద్ధతిలో నడిచే జావాస్క్రిప్ట్‌లో వీటిని సంఖ్యలుగా రాస్తే... మొదటిదాంట్లో ఎనిమిది ఉంది కాబట్టి ఆక్టల్ కాదనుకుని 8817గా తీసుకుంటుంది. రెండోది ఆక్టల్‌గా చెల్లుతుంది కాబట్టి 3778గా మార్చేస్తుంది! రెండూ తప్పే. మొదటిదానికి ముందు మళ్లీ సున్నా చేరిస్తే దారికొస్తుంది. రెండోది చూసి అది జెర్సీ సిటీ అని బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

పెళ్లి ఫొటోలకు 001, 002 అంటూ వరసగా పేర్లు పెట్టే చిన్న ప్రోగ్రాం ఉందనుకుందాం. చివరి ఫొటో సంఖ్యకు ఒకటి కలిపి కొత్త ఫొటోకు పేరు పెట్టడం దాని పని. 007 తర్వాత 008 వస్తుంది. 008 దగ్గర లెక్క ఆగుతుంది. 'పోనీలే, 008, 009, 010 చేత్తో పెట్టేద్దాం' అని పెట్టి, మళ్లీ ప్రోగ్రాంకు అప్పగిస్తే? 010ని ఎనిమిదిగా చదివి, ఒకటి కలిపి, 009 అని పేరు పెడుతుంది. అప్పటికే ఉన్న తొమ్మిదో ఫొటో మీద కొత్తది వచ్చి పడుతుంది. తలంబ్రాల ఫొటో పోయి భోజనాల ఫొటో మిగులుతుంది!

కాపలాదారు ఒకటి చదివితే...

ఇళ్లలో ఇలాంటివి చిన్న చికాకులే. ఇంటర్నెట్ చిరునామాల్లో దొర్లితే దొంగలకు తలుపు తీసినట్టే. నెట్‌లో ప్రతి కంప్యూటరుకూ నాలుగు భాగాల ఐపీ చిరునామా ఉంటుంది. అందులో 127.0.0.1 అంటే 'నేనే' అని అర్థం. ఏ కంప్యూటరైనా తనను తాను పిలుచుకునే పేరు అది. బయటివాళ్లు చెప్పిన చిరునామాకు వెళ్లి సమాచారం తెచ్చిపెట్టే వెబ్‌సైట్లు, ఆ చిరునామా తమ సొంత ఇంటిదైతే కుదరదని చెప్పాలి. లేకపోతే ఇంటి గుట్టంతా బయటపడుతుంది. అందుకే ముందుగా ఓ కాపలా ప్రోగ్రాం చిరునామాను చదివి చూస్తుంది.

ఎవరో 0177.0.0.1 అని పంపించారనుకుందాం. కాపలాదారు ముందున్న సున్నాను పట్టించుకోకుండా 177.0.0.1 అని చదివాడు. 'ఎక్కడో బయటి చిరునామా, ఫర్వాలేదు' అని వదిలేశాడు. లోపల చిరునామాకు దారి చూపే ప్రోగ్రాంకు మాత్రం పాత 'సి' సంప్రదాయమే వేదం. అది 0177ను ఆక్టల్‌గా చదివింది. లెక్కవేస్తే 127. అంటే సొంత ఇల్లే! కాపలాదారు కళ్లముందే దొంగ నట్టింట్లోకి నడిచాడు.

ఇది ఊహ కాదు. జావాస్క్రిప్ట్ ప్రోగ్రామర్లు విరివిగా వాడే 'నెట్‌మాస్క్' అనే ప్రోగ్రాంలో ఇలాంటి లోపమే ఉన్నట్టు 2021 మార్చిలో బయటపడింది. రెండు లక్షలకు పైగా ప్రాజెక్టులు అప్పటికి దాని మీద ఆధారపడి ఉన్నాయి. ఆ వార్త రాగానే మిగతా భాషలవాళ్లూ తమ ఇళ్లు సోదా చేసుకున్నారు. పైథాన్, గో, రస్ట్, పెర్ల్... అన్నింట్లోనూ అదే ఏడాది ఇదే తరహా లోపాలు దొరికాయి. పైథాన్, గో, రస్ట్ ఒకే దారి ఎంచుకున్నాయి. చిరునామాలోని ఏ భాగమైనా అనవసరపు సున్నాతో మొదలైతే 177 అనీ అనుకోవు, 127 అనీ అనుకోవు. మొత్తం చిరునామానే తిప్పికొడతాయి. అనుమానం వచ్చినప్పుడు ఊహించడం కంటే అడగడమే మేలని ఇన్నేళ్లకు తెలిసొచ్చింది.

తప్పు దిద్దుకుంటూ...

బ్రెండన్ ఐక్ 1995లో జావాస్క్రిప్ట్‌కు ప్రాణం పోసినప్పుడు సున్నా నియమమూ దాంట్లోకి వచ్చింది. ఫారంలో మనం నింపిన అక్షరాలను సంఖ్యగా మార్చే పని ఆ భాషలో 'పార్స్‌ఇంట్' అనే సాధనానిది. పాత బ్రౌజర్లలో దానికి 07 ఇస్తే ఏడు వచ్చేది. 08 ఇస్తే? తప్పని చెప్పేది కాదు, సున్నా అనేసేది! మొదటి సున్నా చదివి, తర్వాతది ఆక్టల్ అంకె కాదు కాబట్టి అక్కడే ఆగిపోయేది. ఆగస్టులో పుట్టినవాళ్లంతా సున్నా నెలలో పుట్టినట్టే. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ 2008లో రాసిన ప్రసిద్ధ జావాస్క్రిప్ట్ పుస్తకంలో ఈ గుంట గురించి హెచ్చరించారు. ఎన్ని అంకెల లెక్కో ప్రతిసారీ విడిగా చెప్పమని సలహా ఇచ్చారు. 2009 డిసెంబరులో వచ్చిన కొత్త ప్రమాణం ఆ సాధనానికి ఆక్టల్‌గా చదివే అలవాటు మాన్పించింది.

పైథాన్ అంతకు ఏడాది ముందే గట్టి నిర్ణయం తీసుకుంది. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్-3లో 010 అని రాస్తే ఎనిమిదీ కాదు, పదీ కాదు. అసలు ఒప్పుకోదు. ఆక్టల్ కావాలనుకునేవాళ్లు సున్నా పక్కన 'ఓ' అనే ఇంగ్లిషు అక్షరం పెట్టి తర్వాత అంకెలు రాయాలి. ఇక పొరపడే అవకాశమే లేదు. జావాస్క్రిప్ట్ 2015లో, గో 2019లో, పీహెచ్‌పీ 2021లో అదే గుర్తును తెచ్చుకున్నాయి. పీహెచ్‌పీ అయితే అంతకుముందు 08ని చడీచప్పుడూ లేకుండా సున్నాగా మార్చేసేది. 2015లో వచ్చిన ఏడో వెర్షన్ నుంచే తప్పని చెప్పడం నేర్చుకుంది.

మరి పాత నియమాన్ని అన్ని భాషలూ ఒక్కసారిగా ఎందుకు తీసేయవు? ఎందుకంటే దాన్ని నమ్ముకుని రాసిన ప్రోగ్రాములు ఇప్పటికీ నడుస్తున్నాయి. ముఖ్యంగా యూనిక్స్ కుటుంబంలో ఫైళ్లకు అనుమతులిచ్చేది ఆక్టల్‌లోనే. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. మూడూ కలిపితే 7. యజమానికి 7, బృందానికి 5, ఇతరులకు 5... అదే సుప్రసిద్ధమైన 755. అక్కడ ఆక్టల్ చక్కగా అమరింది. పైథాన్‌లో ఈ 755ను ఆక్టల్ గుర్తు లేకుండా రాస్తే కథ అడ్డం తిరుగుతుంది. మామూలు 755 ఆక్టల్‌లో 1363 అవుతుంది. యజమానికి దక్కేది 3. అంటే రాయొచ్చు, నడపొచ్చు, చదవడానికి మాత్రం వీల్లేదు. తన ఫైలును తానే చదవలేని యజమాని! సున్నా ఉంటే ఒక చిక్కు, లేకపోతే మరో చిక్కు.

అంకెలే కానీ... సంఖ్యలు కావు

ఆక్టల్ సంగతి ప్రోగ్రామర్లు చూసుకుంటారులే అనుకోవడానికి లేదు. ముందున్న సున్నాతో పేచీ ప్రతి ఇంటికీ వస్తుంది. శుభలేఖలు పంపడానికి బంధువుల చిరునామాలు ఎక్సెల్‌లో కొట్టి చూడండి. 0891తో మొదలయ్యే ఫోన్ నంబరు 891గా మారిపోతుంది. న్యూజెర్సీలోని అబ్బాయి జిప్ కోడ్ అయిదంకెల నుంచి నాలుగంకెలకు దిగిపోతుంది. చెక్కు మీద 000123 అని ఉంటే జాబితాలో 123 మిగులుతుంది. ఎక్సెల్ ఆక్టల్ జోలికి వెళ్లదు. 'సంఖ్యకు ముందు సున్నా ఎందుకు, దండగ' అని దాన్ని మింగేస్తుంది.

ఆక్టల్‌గా చదివినా, మింగేసినా మూలం ఒక్కటే. ఫోన్ నంబరునూ చెక్కు నంబరునూ యంత్రం 'సంఖ్య' అనుకుంటోంది. అవి సంఖ్యలేనా? రెండు ఫోన్ నంబర్లను ఎవరైనా కూడతారా? పిన్‌కోడ్‌ను రెండుతో గుణిస్తారా? హాల్‌టికెట్ నంబర్ల సగటు ఎవరికి కావాలి? అంకెలతో రాసిన పేర్లు అవి. రామారావు పేరులో ముందున్న 'రా' తీసేస్తే ఆ మనిషి కాకుండా పోయినట్టే, 040లో ముందున్న సున్నా తీసేస్తే అది హైదరాబాద్ కాదు. కూడికలూ తీసివేతలూ చేసేదైతే సంఖ్య. గుర్తుపట్టడానికే అయితే పేరు. ప్రోగ్రాం రాసేవాళ్లయినా ఎక్సెల్‌లో జాబితా కొట్టేవాళ్లయినా ఈ తేడా తెలుసుకుంటే సగం చిక్కులు తీరిపోతాయి.

కొత్తగా నంబర్లు రూపొందించేవారు తీసుకోదగ్గ జాగ్రత్త కూడా ఒకటుంది. 1972 ఆగస్టు 15న మొదలైన మన పిన్‌కోడ్‌లో మొదటి అంకె ఎప్పుడూ సున్నా కాదు. తెలుగు రాష్ట్రాలది 5. ఆధార్ సంఖ్య కూడా సున్నాతోగానీ ఒకటితోగానీ మొదలుకాదు. మొదట్లో సున్నా లేకపోతే దాన్ని మింగే ప్రసక్తీ ఉండదు, ఆక్టల్ గొడవా ఉండదు. ల్యాండ్‌లైన్‌తో మాత్రం సున్నా అనుబంధం తెగలేదు. ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌ఫోన్‌కు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలన్న నిబంధన 2021 జనవరి 15న అమల్లోకి వచ్చింది.

సున్నా పోకూడదంటే...

* ఎక్సెల్‌లో ఫోన్, చెక్కు, ఖాతా నంబర్లు కొట్టేముందే ఆ వరసను ఎంచుకుని 'టెక్స్ట్'గా మార్చాలి. కొట్టాక మార్చితే పోయిన సున్నా తిరిగిరాదు.
* ఒకటీ రెండూ అయితే ముందు ఒంటి కొటేషన్ గుర్తు పెట్టి అంకెలు కొడితే చాలు. గుర్తు కనపడదు, సున్నా నిలుస్తుంది.
* ఎవరైనా పంపిన సీఎస్‌వీ ఫైలును నేరుగా తెరవకుండా 'డేటా' మెనూలోంచి తెచ్చుకుంటే ఏ వరస టెక్స్టో మనమే చెప్పొచ్చు. సున్నాలను మింగే అలవాటును ఆపుకునే సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో ఎక్సెల్‌కు జోడించింది.
* పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకుంటుంటే... తేదీలు రాసేటప్పుడు 08 బదులు 8 అని రాయడం అలవాటు చేసుకోమనండి. నంబరు పేరులాంటిదైతే కొటేషన్ల మధ్య పెట్టాలి.
* బ్యాష్‌లో అయితే సంఖ్యకు ముందు 10# అని చేర్చాలి. 10#08 అంటే 'ఇది పది అంకెల లెక్క' అని చెప్పినట్టు. అప్పుడది బుద్ధిగా ఎనిమిది అంటుంది.
* ఏ ప్రోగ్రామైనా పరీక్షించేటప్పుడు 07తో సరిపెట్టకూడదు. 08, 09, 010 మూడూ ఇచ్చి చూడాలి. అరిచే తప్పు మొదటి రెండింటితో బయటపడుతుంది. నోరెత్తని తప్పు మూడోదాంతోనే దొరుకుతుంది.

థాంప్సన్‌కూ రిచీకీ 1983లో కంప్యూటర్ రంగపు అత్యున్నత పురస్కారం ట్యూరింగ్ అవార్డు దక్కింది. ఈనాటి సెల్‌ఫోన్ల దాకా వారి కృషి ఫలాలే. 18 బిట్ల యంత్రం ముందు కూర్చుని ఒక్క అక్షరం ఆదా చేయడానికి పెట్టుకున్న గుర్తు, ఆ యంత్రం మ్యూజియానికి చేరాక కూడా మన ఆగస్టులనూ ఎస్టీడీ కోడ్‌లనూ వెంటాడుతుందని అప్పట్లో ఎవరనుకుంటారు!

కాబట్టి ఈసారి ఏదైనా ఫారంలో నెల దగ్గర 08 అని రాస్తే ఎర్రక్షరాల్లో 'తప్పు' అని కనిపిస్తే కంగారు పడకండి. తప్పు మీది కాకపోవచ్చు. సున్నా తీసేసి ఒట్టి 8 కొట్టి చూడండి. 'సున్నాకు విలువేముంది' అని మాత్రం అనకండి... అది ఎక్కడుందో చూసి మాట్లాడాలి!